కొట్లాటకు రాజీనా?

మా వకీలమ్మ పోయిందన్న సంగతి నాకు సెల్‌ఫోన్‌లో, కోర్టు వాలంటీర్ల గ్రూపులో తెలిసింది. పొద్దున పళ్లు తోముకుంటూ చూశాను. ఎవరో ఆమె ఫొటో పెట్టి కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. దాని కింద ఒకాయన పొరపాటున బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. ఆయన తప్పు తెలుసుకుని తీసేసేలోగా, ఆయన్ని చూసి ఇంకొందరు అదే పెట్టారు. ఆ తర్వాతి సందేశం, "ఇయ్యాల్టి క్యాంపు ఉన్నట్టా, లేనట్టా?" అని. ఉన్నట్టేనని పై నుంచి జవాబు వచ్చింది. అందరూ వాలంటీరు జాకెట్లు వేసుకుని రావాలని కూడా రాశారు.

ఆమె చూసి ఉంటే, "నా సావు శానమందికి నచ్చినట్టుంది కండక్టర్ సాబ్" అని ఉండేది.

ముందు ఆమె ఎవరో చెప్పేస్తాను, లేకపోతే నా అలవాటు ప్రకారం ఎక్కడెక్కడో తిరిగి ఎప్పటికో వస్తాను. పైసలు లేనివాళ్లకు కోర్టులో సర్కారే వకీలును పెట్టిస్తుంది. మేడ్చల్‌లో అలా పెట్టిన వకీళ్లలో ఆమె ఒకరు. కోర్టు వరండా చివర, పాత బీరువాలకూ నీళ్ల డ్రమ్ముకూ మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు. అదే ఆమె కొలువు. నేను డిపోలో కండక్టరుగా చేసి దిగిపోయినవాణ్ని. దిగిపోయాక ఇంట్లో ఎవరికీ టికెట్టు కొట్టే అవసరం లేక, నోరు ఊరుకోక, న్యాయ సహాయానికి వాలంటీరుగా చేరాను. వచ్చినవాళ్లను వరసలో కూర్చోబెట్టడం, ఏ కాగితం ఏ కిటికీకి పోతుందో చెప్పడం, నడుమ దూరేవాళ్లను వెనక్కి పంపడం. బస్సులో చేసిందే. కాకపోతే ఇది కదలని బస్సు.

మొన్న సంతాప సభలో ఆమెను కరుణామూర్తి అన్నారు. ఆ మాట అన్నవాళ్లు ఆమె బల్ల ముందు ఎన్నడూ కూర్చోలేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆమె నోరు అంత మెత్తనిది కాదు. ఏడుస్తూ వచ్చిన మనిషికి నీళ్లిచ్చి ఓదార్చే రకం కాదు. "ఏడ్సుడైతె బయట బెంచి ఉన్నది. ఆడ కూసోని ఏడ్సి రా. ఈడ మాట్లాడుడే" అనేది. బయటి బెంచి మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఏడుస్తూ ఉండేవారు. కోర్టుకు కొత్తగా వచ్చిన జవాన్లు అది చావు కబురు చెప్పే చోటు అనుకునేవాళ్లు.

ఒక ముసలాయన భూమి తగాదా చెప్పడానికి వచ్చి, వాళ్ల తాత కాలం నుంచి మొదలుపెట్టాడు. తాత ఏ బావి తవ్వించాడో, ఏ ఎడ్లను కొన్నాడో చెబుతున్నాడు. నాకైతే వినసొంపుగా ఉంది. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"తాతా, నీ తాత సచ్చిండు. నీ నాయిన సచ్చిండు. నువ్వు సావకముందే కేసు ఏద్దాం. ఇప్పటి సంగతి జెప్పు."

ఆయన నొచ్చుకుంటాడనుకున్నాను. పకపకా నవ్వి, రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆమె నా వైపు తిరిగి, "మీరు గూడ నేర్చుకోండ్రి. సికింద్రాబాద్ పోవాలంటె నిజామాబాద్ మీంగ పోతరు మీరు" అంది. ఆ మాట నిజమే. అయినా నిజామాబాద్ దారిలో చెట్లు బాగుంటాయి.

ఇంకొకడు, మంచి చెప్పులేసుకున్న యువకుడు, కుర్చీలో వెనక్కి వాలి, "ఉత్తగ జేస్తరంట గదా మేడం" అన్నాడు. మా వైపు ఉత్తగ అంటే పైసలు లేకుండా అని ఒక అర్థం, ఏమీ లేకుండా, వట్టిగా అని ఇంకో అర్థం. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కళ్లద్దాలు తీసిందంటే నేను రెండడుగులు వెనక్కి వేసేవాణ్ని.

"ఉత్తగ అంటె నాకు పైసలియ్యకుండ. నువ్వు పనిజెయ్యకుండ గాదు బిడ్డా. పో, పాసుబుక్కు తెచ్చుకొని రా. ఉత్తగ ఉరుకు."

ఆమె నల్లకోటు జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. కేసు వింటూ ఒలుచుకుంటూ తినేది. పొట్టు ఫైళ్ల నడుమ రాలేది. పై కోర్టుకు పోయిన మా మేడ్చల్ ఫైళ్లను వాసన చూసి గుర్తుపట్టవచ్చని గుమాస్తాలు ఎగతాళి చేసేవాళ్లు. కాళ్లు వాచి బూట్లు పట్టక, కోటు కింద హవాయి చెప్పులు వేసుకుని జడ్జి ముందు నిలబడేది. కిడ్నీలు పాడయ్యాయని మాకు చాలాకాలం చెప్పలేదు. అడిగితే, "ఎక్కువ నిలవడ్డ. ఎవ్వలు కూసోమనలే" అనేది.

కొత్తగా ఎవరు వచ్చినా ఆమె మొదట అడిగే మాట ఒకటే. కథంతా విని, కాగితాలు చూసి, పల్లీల చేతులు దులుపుకుని, మనిషి కళ్లలోకి చూసి అడిగేది.

"కొట్లాటకు రాజీనా?"

ఇక్కడ నేను కొంచెం నిజామాబాద్ మీదుగా పోవాలి. రాజీ అన్న మాట మా దగ్గర చాలా ఇళ్లు మారింది. పల్లెల్లో రాజీ అంటే సమ్మతి, ఇష్టం, సిద్ధం. "పిల్ల పెండ్లికి రాజీనే" అంటే పిల్ల ఒప్పుకుందని. "నేను రాజీనే, నడువు" అంటే నేను తయారుగా ఉన్నానని. కోర్టు మెట్లెక్కగానే అదే మాటకు వేరే అర్థం. అక్కడ రాజీ అంటే కొట్లాట మానుకోవడం, ఇద్దరూ కలిసి కేసు తెంచుకోవడం. పాత దస్తావేజుల్లో అలా తెంచుకున్న కాగితాన్ని రాజీనామా అనే రాశారు. పేపర్ల వాళ్లు మళ్లీ దాన్ని కుర్చీ దిగిపోవడానికి వాడారు. ఒకప్పుడు బస్సులో పేపరు చదువుతూ ఒకాయన "మంత్రి రాజీనామా చేసిండు" అని పైకి చదివితే, వెనక సీటు ముసలాయన "మంచి పని జేసిండు, ఎన్నొద్దులని కొట్లాడ్తడు" అన్నాడు. బస్సంతా నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను.

మా వకీలమ్మ శామీర్‌పేట దగ్గరి పల్లెలో, భూములున్న ఇంట్లో పుట్టిన మనిషి. చదువు పట్నంలోనే అయినా నోట్లో ఊరి మాటే ఉండేది. ఆమె అడిగే రాజీ ఊరి రాజీ. కొట్లాడటానికి సిద్ధమేనా అని. అవతలివాళ్లు కూడా ఊరివాళ్లే కాబట్టి వాళ్లకూ అదే అర్థమయ్యేది. రాజీనే అంటే కేసు తీసుకునేది. తడబడితే, "ఇంటికి పోయి ఆలోచించి రా" అని పంపేది. ఆ ప్రశ్న అంటే మా అందరికీ గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ గర్వం లేదు.

ఎందుకో చెప్పాలంటే యాదమ్మ దగ్గరికి రావాలి.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోతుంటే, ఒక ఊరి చివర యాదమ్మకు రెండు గదుల రేకుల ఇల్లు ఉంది. పెనిమిటి లేడు. ఇంటి ముందు బండి మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె. చుట్టూ వచ్చిన కొత్త ఇళ్లవాళ్ల బట్టలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఇంటి చుట్టూ ఉన్న పొలాలన్నీ కొని ప్లాట్లు చేసి అమ్ముతున్నాయన ఒకడున్నాడు. వెంచర్లు వేస్తాడు కాబట్టి వెంచర్ సేటు అంటారు. ఆయన ప్లాట్లకు పోయే పెద్ద రోడ్డుకు యాదమ్మ ఇల్లు అడ్డం. ఆ ఇల్లు తన సర్వే నంబరులోనే ఉందని, ఖాళీ చేయించాలని ఆయన కేసు వేశాడు. కేసు వేసిన మర్నాడు కూడా ఆయన తెల్ల చొక్కాలు యాదమ్మకే పంపించాడు. చొక్కా కాలరు అంత గట్టిగా నిలబెట్టేవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు మరి. యాదమ్మ చేసి పంపించింది.

"ఆయన అంగీలు కాలబెట్టకపోయినవే" అని నేనంటే, "అంగీ ఏం జేసిందన్నా" అంది.

ఆమె మొదటిరోజు బల్ల ముందు కూర్చున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"కొట్లాటకు రాజీనా యాదమ్మా?"

"రాజీనే అమ్మా."

"ఇనవడలే. గట్టిగ."

"రాజీనే."

వకీలమ్మ నవ్వింది. ఆమె నవ్వడం తక్కువ. ఆ నవ్వు కోసమైనా ఎవరైనా గట్టిగా అంటారు.

ఆ రోజుల్లోనే రాష్ట్రం మొత్తానికి పేదల న్యాయ సహాయం ఎలా నడవాలో కొత్త ప్రణాళిక తయారవుతోంది. పైన కూర్చున్న పెద్దల ఉద్దేశాన్ని నేను తప్పుబట్టను. మారుమూల మండలాల్లో వకీలు దొరకడు, పట్నం చుట్టూ కుప్పలుగా ఉంటారు. అందరికీ సమంగా పంచాలనుకున్నారు. అయితే ఎంత సాయం జరిగిందో కొలవాలంటే ఏదో ఒక కొలత కావాలి కదా. కేసు తెగితే సాయం జరిగినట్టు లెక్క పెట్టుకున్నారు. గెలిచి తెగిందా, ఓడి తెగిందా, విసిగి తెగిందా అన్న తేడా లేదు. అన్నిటికన్నా తొందరగా తెగేవి రాజీ కేసులు. కాబట్టి రాజీలు కుదిర్చే రోజులు పెట్టి, ఆ రోజు ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి వకీళ్లను పంపమన్నారు. జాతరలకు డిపోల నుంచి బస్సులు లాగుతారే, అలాగే. జాతర బాగానే జరుగుతుంది. రోజూ ఆ బస్సు ఎక్కేవాడు మాత్రం రోడ్డు మీద నిలబడి ఉంటాడు.

అలాంటి ఒక రోజున మా వకీలమ్మను వేరే జిల్లాకు పంపించారు. ఆమె బల్ల దగ్గర ఇంకో వకీలు కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. యాదమ్మను ఆయన అంతకుముందు చూడలేదు, అంతే. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, నేను గేటు దగ్గర జనాన్ని ఆపుతున్నాను. కాసేపటికి యాదమ్మ బయటికి వచ్చింది. చేతిలో చిన్న కుండీ, అందులో గులాబీ మొక్క. ముఖం వెలిగిపోతోంది.

"గెలిచినం అన్నా. మొక్క గూడ ఇచ్చిండ్రు. సేటు నా చెయ్యి వట్టుకొని ఫొటో దిగిండు."

నేను కూడా సంతోషపడి ఆమెకు చాయ్ తాగించాను.

కొన్ని రోజులకు సేటు మనుషులు కొలిచే టేపు పట్టుకుని ఇంటికి వచ్చారు. సామాన్లు ఎప్పుడు తీస్తావని అడిగారు. యాదమ్మ ఉరుక్కుంటూ కోర్టుకు వచ్చింది. వకీలమ్మ కాగితం తెప్పించి చదివింది. ఇల్లు సేటుదేనని ఒప్పుకున్నట్టు, తన ఇష్టంతోనే ఖాళీ చేస్తున్నట్టు రాసి ఉంది. కింద నిశాని, యాదమ్మ వేలిముద్ర. అలా రాజీలో తెగిన కేసు మీద అప్పీలు ఉండదు.

వకీలమ్మ కళ్లద్దాలు తీసింది. వరండాలో అందరికీ వినిపించేలా తిట్టింది.

"బుద్ధి ఉన్నదానే నీకు? వాడు రాజీనా అంటె ఎట్ల రాజీనే అన్నవు? ఇల్లు ఇడిసిపెడుతవా అంటె ఊ అన్నట్టే గదా. నోట్ల మన్ను వోసుకున్నవ్. ఎవ్వలు జెప్పిండ్రు నీకు రాజీనే అనుమని?"

యాదమ్మ బిత్తరపోయి నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది.

"మీరే గదనమ్మా. మొదాలు కూసున్ననాడు రాజీనా అని అడిగిండ్రు. రాజీనే అంటె మంచిగ నవ్విండ్రు. గా సారు గూడ రాజీనేనా అన్నడు. మీ కుర్సీల కూసున్నోడు మన సారే గదా అనుకున్న. కొట్లాటకే అడుగుతుండనుకున్న." కొంచెం ఆగి, "గట్టిగనే అన్న" అంది.

వకీలమ్మ జేబులో నుంచి పల్లీలు తీసి ఒలవడం మొదలుపెట్టింది. ఒలిచిన గింజలు తినలేదు. బల్ల మీద పోసింది. తర్వాత లేచి, యాదమ్మ రెక్క పట్టుకుని బయటి బెంచి దగ్గరికి తీసుకుపోయి పక్కన కూర్చుంది. ఆ బెంచి మీద ఆమె కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. ఏడ్చిందా అని మీరు అడగొచ్చు. ఆమె వీపే నాకు కనిపించింది.

కానీ మాటలు వినిపించాయి.

"నీకు ఇల్లుండె యాదమ్మా. నా మాటతోటి పోయింది."

"మాటతోటి ఇల్లు వోతదా అమ్మా?"

"కోర్టుల మాటతోనే పోతది. గూల్చుడు తర్వాత పని."

అప్పీలు లేకపోయినా ఒక సందు ఉంది. ఆ మనిషికి ఏం ఒప్పుకుంటున్నదో తెలియకుండా ఒప్పించారని పట్నంలో పెద్ద కోర్టుకు పోవచ్చు. వకీలమ్మ పోయింది. ఆటోకు దండగ అని మా పాత బస్సులోనే పోయేది. వాచిన కాళ్లు ఎదుటి సీటు మీద పెట్టుకుంటే కండక్టర్లు ఏమీ అనేవాళ్లు కాదు, నా పరపతి. పెద్ద కోర్టు వాళ్లు, మేం విచారించేదాకా ఇల్లు కూల్చవద్దని స్టే ఇచ్చారు. సేటు ఇంటికి నాలుగు పక్కలా సిమెంటు పలకల గోడ పెట్టించి, బండి పోయేంత సందు వదిలాడు. ఆ సందులో నుంచే ఆయన చొక్కాలు లోపలికి వచ్చేవి.

ఆ తర్వాత వకీలమ్మ నోట రాజీ అన్న మాట వినలేదు. కొత్తగా వచ్చినవాళ్లను వేరే తీరుగా అడిగేది. "ఈ కేసుల నువ్వు ఏం పోగొట్టుకుంటవో నాకు జెప్పు. నీ మాటల్ల జెప్పు." వాళ్లు చెప్పేదాకా కాగితం ముట్టనిచ్చేది కాదు. పాత ప్రశ్నకు రెప్పపాటులో జవాబు వచ్చేది. కొత్త ప్రశ్నకు పొద్దంతా పట్టేది. వరండాలో వరస నీళ్ల డ్రమ్ము దాటి గేటు దాకా పెరిగింది. పై నుంచి ఫోన్లు వచ్చాయి, మీ దగ్గర కేసులు తెగడం లేదేమని. "తెగుతలేవు సార్. మనుసులు సోయిల ఉన్నరు, తెలిసి మాట్లాడుతున్నరు" అని ఫోను పెట్టేసింది.

ప్రణాళిక దాదాపు తయారైందని, ఆఖరు మీటింగుకు జిల్లాల నుంచి వకీళ్లూ వాలంటీర్లూ రావాలని కబురు వచ్చింది. ఆమెకు అప్పటికే వారానికి కొన్ని రోజులు ఆస్పత్రిలో రక్తం శుభ్రం చేస్తున్నారు. వద్దని అందరం చెప్పాం. "పొద్దుమీకి ఎట్లయినా మిషినుకు రక్తమియ్యాలె. పొద్దున కొంచెం వీళ్లక్కూడ ఇచ్చొస్త" అని బయల్దేరింది. నేను సంచి పట్టుకుని వెంట పోయాను.

హాలు ద్వారం దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద యాదమ్మ. నిలువెత్తు యాదమ్మ. ఒక చేత్తో గులాబీ కుండీ, ఇంకో చేయి వెంచర్ సేటు చేతిలో. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. సేటు చొక్కా కాలరు నిటారుగా ఉంది. పైన పెద్ద అక్షరాలతో, "ఇద్దరూ గెలిచారు" అని రాసి ఉంది.

వకీలమ్మ దాని ముందు నిలబడిపోయింది. ఫొటోలు తీసేవాళ్లకు అడ్డం వస్తోందని ఒక అమ్మాయి వచ్చి, "మేడం, కొంచెం పక్కకు జరుగుతారా, బ్యానరు పడట్లేదు" అంది. జరిగింది. ఎవరైనా జరగమంటే ఆమె జరగడం కూడా నేను అదే మొదలు చూడటం.

లోపల ఆమె వంతు వచ్చింది. మైకు అందుకుని, "బయట ఫ్లెక్సీల నవ్వుతున్నామె ఓడిపోయింది" అంది. హాల్లో కొందరు గడియారం చూసుకున్నారు. మీటింగు నడిపే పెద్దసారు మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడే మనిషి.

"మేడం, ఒక్కొక్క కేసు గురించి కాకుండా, రాష్ట్రం మొత్తానికి పనికొచ్చేలా చెప్పండి."

"అదే జెప్తున్న సార్. రాష్ట్రం మొత్తంల రాజీ రాసేముందు, ఆ మనిషిని ఒక్కమాట అడగాలె. నువ్వు ఏం పోగొట్టుకుంటున్నవు అని. వాళ్ల నోటితోటి జెప్పినంకనే నిశాని దీసుకోవాలె. గిది ప్రణాళికల రాయుండ్రి. ఇంకేమొద్దు."

పెద్దసారు నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, పిల్లలకు సర్దిచెప్పే నవ్వు. "అలా అడిగితే ఎవరు ఒప్పుకుంటారు మేడం?"

హాలంతా నవ్వింది.

"గదే సార్" అంది వకీలమ్మ.

ఆమె ఒక్కతే నవ్వలేదు కాబట్టి అది హాస్యం కాదని కొందరికి అర్థమైనట్టుంది. సర్దుకున్నారు. ప్రజలకు తేలిగ్గా అర్థమయ్యే భాష వాడాలన్న మంచి సూచన వచ్చిందని పెద్దసారు అన్నాడు. చప్పట్లు కొట్టారు. భోజనాలకు లేచారు. ఆమె తినకూడనివన్నీ అక్కడ ఉన్నాయి. నేను రెండు వంతుల తిండి తిన్నాను, ఒకటి ఆమె వంతు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు పేట్ బషీరాబాద్ దాటింది. ఆ తర్వాత, "కండక్టర్ సాబ్, మీరు ఎన్నడన్న తప్పు బస్సు ఎక్కినోళ్లను నడుమల దించిండ్రా?" అని అడిగింది.

"దించిన అమ్మా. ఎదురుగ వచ్చే బస్సు ఎక్కిచ్చిన."

"ఎదురుగ బస్సు లేకుంటె?"

నేను ఆమె సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

తేలికైన భాష అన్న ఆమె సూచనను పైవాళ్లు నిజంగానే పట్టించుకున్నారు. అది చెప్పకపోతే అన్యాయం. ప్రణాళికలో అంతకుముందు "పరస్పర అంగీకార పరిష్కారం" అని పెద్ద మాట ఒకటి ఉండేది. అది ఎవరికీ అర్థం కాదని తీసేశారు. పల్లెల్లో అందరికీ తెలిసిన మాట ఏదని వెతికారు. దాని బదులు అంతటా రాజీ అని పెట్టారు. ఆ సంగతి ఆస్పత్రి మంచం దగ్గర నేనే చెప్పాను. చెప్పకూడదనుకున్నాను కానీ నా నోటి సంగతి మీకు తెలుసు. ఆమె పైకప్పు చూస్తూ, "నా మాట గింత దూరం ఎవ్వలదీ పోలే" అంది. నవ్వబోయి దగ్గింది.

ఆ వారంలోనే పోయింది.

అంత్యక్రియలు శామీర్‌పేటలో వాళ్ల తమ్ముడి ఇంటి నుంచి జరిగాయి. క్యాంపు ముగిశాక వాలంటీర్లమంతా జాకెట్లతోనే పోయాం. ఆ జాకెట్లు చూసి ఎవరో మమ్మల్ని క్యాటరింగ్ వాళ్లనుకుని ఇంటి వెనక్కి పొమ్మన్నారు. అక్కడున్న దండల్లో అన్నిటికన్నా పెద్దది వెంచర్ సేటు తెచ్చాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. నటించాడని నేను అనుకోను. నా దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేశాడు.

"అక్క అసుమంటి మనిషి మల్ల పుట్టదు అన్నా. బంగారమసుమంటి మనిషి. ఒక్కటే. రాజీకి రాకపోయె."

యాదమ్మ దూరంగా, గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే, "ఇస్త్రీ చేతులన్నా, మసి" అంది. శవం లేచేదాకా అక్కడే నిలబడి, లేచినంక నన్ను ఒకటే అడిగింది. "వాయిదా ఉన్నది గదన్నా. ఎవ్వలు వోతరు?"

అప్పటికి వరండాలో బల్ల తీసేశారు. కొత్త ప్రణాళికలో బల్లలు లేవు. రాష్ట్రం మొత్తానికి ఒకే ఫోను నంబరు. ఎక్కడి మనిషైనా ఇంట్లో నుంచే వకీలును అడగవచ్చు. వాయిదా నాటికి యాదమ్మ తరఫున ఎవరూ నిలబడకపోతే స్టే పోతుంది. స్టే పోతే ఇల్లు పోతుంది. అందుకని పోయిన సోమవారం పొద్దున ఆమెతో ఫోను చేయిద్దామని నేను ఆ గోడ సందులో నుంచి లోపలికి పోయాను.

సందు పక్కనే జేసీబీ ఒకటి ఆపి ఉంది. దాని డ్రైవరు, పాతికేళ్లవాడు, చొక్కా లేకుండా యాదమ్మ గడప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. వాయిదా అయ్యేదాకా ఇక్కడే ఉండమన్నారట. మధ్యాహ్నం దోస్తు పెళ్లికి పోవాలట. చొక్కా యాదమ్మ బండి మీద ఉంది.

యాదమ్మ నంబరు కొట్టి, ఫోను పెద్దగా వినబడేలా పెట్టి, బండి మీద నీళ్ల గిన్నెకు ఆనించింది. ఒక ఆడగొంతు, చక్కటి తెలుగులో, తప్పుల్లేకుండా పలికింది.

"న్యాయ సహాయ కేంద్రానికి స్వాగతం. రాజీ కోసం ఒకటి నొక్కండి. రాజీ తేదీల వివరాలకు రెండు నొక్కండి. ఇతర విషయాలకు లైన్‌లోనే ఉండండి."

యాదమ్మ నా వైపు చూసింది.

"ఏం నొక్కాలె అన్నా?"

"ఏం నొక్కకు."

సన్నాయి పాట మొదలైంది. అది ఆగి, మీరు వరసలో ఉన్నారని ఆ గొంతు చెప్పి, మళ్లీ సన్నాయి. యాదమ్మ బొగ్గులు ఊదింది. చొక్కా మీద నీళ్లు చిలకరించి, కాలరు వెనక్కి తిప్పి, పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది. సన్నాయి వాయిస్తూనే ఉంది. డ్రైవరు బీడీ ఆర్పి, లేచి, వీపు గోక్కుంటూ బండి దగ్గరికి వచ్చాడు.

"అయిందా పెద్దమ్మా?"

యాదమ్మ తలెత్తలేదు. పెట్టె మీద బరువంతా వేసి కాలరును ఇంకోసారి రుద్దింది.

"ఇంక గాలే" అంది.